నాన్న తిండిమాటల పుస్తకం

గత నెలలో ఓ సాయంత్రం పక్కింటి పెద్దావిడ తలుపు తట్టింది. చేతిలో అల్యూమినియం రేకు కప్పిన పళ్ళెం. మేముండేది అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో డేటన్ దగ్గర ఓ చిన్న ఊరు. అమ్మాయికి రెండో కాన్పని వచ్చాను, ఆర్నెల్లవుతోంది. ఆవిడకి ఎనభై దాటాయి, ఒక్కతే ఉంటుంది. "స్టఫ్డ్ మ్యాంగోలు చేశాను. పసిబిడ్డ ఉన్న ఇల్లు, మీకు వంటకి తీరిక ఉండదు కదా" అని పళ్ళెం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

మ్యాంగో అన్న మాట చెవిన పడగానే ప్రాణం లేచొచ్చింది. నేను నూజివీడులో పుట్టినదాన్ని. ఎండాకాలమంటే మంచాల కింద గడ్డిలో మాగుతున్న చిన్న రసాలు, ఇల్లంతా ఆ వాసన. ఈ ఊళ్ళో దొరికే మామిడిపండుకి పండు ఆకారమే గానీ వాసన లేదు. ఆత్రంగా రేకు తీశాను. లోపల నాలుగు క్యాప్సికంలు. తొడిమ దగ్గర మూతలా కోసి, గింజలు తీసేసి, అన్నమూ కీమా కలిపి కూరి, పైన టమాటా సాస్ పోసి ఓవెన్‌లో పెట్టినవి. తోలు ముడతలు పడి అక్కడక్కడ నల్లగా మాడింది.

ఆ మాడిన తోలు వాసన నన్ను నేరుగా మా పెరట్లోకి తీసుకుపోయింది. రోటిపచ్చడి కోసం నానమ్మ కట్టెల పొయ్యి నిప్పుల్లో వంకాయ పెట్టి, పక్కనే నాలుగు పచ్చిమిరపకాయలు పడేసేది. అవి చిటపటలాడి తోలు ఊడేటప్పుడు వచ్చేది సరిగ్గా ఇదే వాసన.

"ఆవిడ పొరబడి ఉంటుందమ్మా, పెద్దావిడ కదా" అంది అమ్మాయి. నాకు అలా అనిపించలేదు. మర్నాడు పళ్ళెం తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు అడిగాను. "మా అమ్మ అలాగే అనేది, మా అమ్మమ్మా అంతే. ఈ పిల్లలిప్పుడు పెప్పర్ అంటున్నారు. మాకు ఇది మ్యాంగోనే" అంది. మరి ఆ పండునేమనేవారు అంటే, తాను పెద్దయ్యేదాకా ఆ పండునే చూళ్ళేదట.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ మాట నాన్నకి చెప్పాలి. నాన్న పోయి తొమ్మిదేళ్ళు.

*

నాన్న హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు. ఆయనతో బజారుకి వెళ్తే నాలుగడుగులకోసారి ఆగాలి. ప్రతి బోర్డూ చదివేవారు, ప్రతి బోర్డులోనూ ఓ తప్పు కనిపించేది. బస్టాండు దగ్గర భోజనం హోటల్ గుమ్మానికి నల్లపలక వేలాడుతుండేది. సుద్దతో ‘మీల్స్ రెడీ’ అని రాసి, చుట్టూ పువ్వుల ముగ్గు. "మీల్ అంటే ఒక పూట భోజనం. ఒకడు ఒక పూట తినేదానికి మీల్స్ ఏమిటి? హోటల్ అంటే బస చేసే చోటు. మంచమేదీ ఇక్కడ?" అనేవారు. గల్లా దగ్గర కూర్చున్న పెద్దాయన నవ్వుతూ, "మాస్టారూ, ముందు అన్నం తినండి, తర్వాత దిద్దుదురుగాని" అని విస్తరి వేయించేవాడు.

ఇంట్లో టిఫిన్ అన్న మాట వినపడకూడదు. ఇంగ్లండులో ఎవరూ అలా అనరట. ఓ రోజు అమ్మ ఇడ్లీలు పెట్టి "టిఫిన్ తిని వెళ్ళండి" అంది. "టిఫిన్ ఇంగ్లీషు కాదు" అన్నారు నాన్న. "ఇంగ్లీషు కాకపోతే పోయె, పళ్ళెంలో ఉంది, చల్లారిపోతుంది" అంది అమ్మ. నాన్న తలొంచుకుని తినేశారు. పెళ్ళయిన కొత్తలో నుంచీ అంతేనట. బయట ఇంగ్లీషుకి ఆయన న్యాయమూర్తి. ఇంట్లో మాత్రం అమ్మదే తీర్పు.

ఆ నాన్నని మార్చింది ఓ నిఘంటువు. బెజవాడ ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల కొట్టు నుంచి షార్టర్ ఆక్స్‌ఫర్డ్ రెండు సంపుటాలూ కొనుక్కొచ్చారు. బస్సులో కూర్చోడానికి చోటు దొరకలేదట. నూజివీడు దాకా నిలబడే, ఆ రెండు బరువులూ గుండెకి ఆనించుకుని వచ్చారు. వచ్చేసరికి చొక్కా తడిసిపోయి అట్టల రంగు అంటుకుంది. అమ్మ ఆ చొక్కా ఎన్నిసార్లు ఉతికినా మరక పోలేదు.

ఆ నిఘంటువులో ఒక్కో మాటకీ అర్థాలు పుట్టిన వరసలో ఉంటాయి. ఏ అర్థం ఏ కాలంలో మొదలైందో పక్కన రాసి ఉంటుంది. వాడుక పోయిన అర్థం ముందు చిన్న బాకు గుర్తు. నాన్న భూతద్దం పెట్టి ఆ గుర్తు చూపించి, "ఇదిగో, ఈ అర్థం చచ్చిపోయింది. కానీ పుస్తకంలోంచి తీసెయ్యలేదు చూడు, పెద్దవాళ్ళ ఫొటోలు గోడకి ఉంచినట్టు" అనేవారు.

రాత్రి భోజనాలయ్యాక లాంతరు దగ్గర అదే పని. కరెంటు ఉండేది, కానీ ఉందన్న మాటే. వేలు తడి చేసుకుని పేజీ తిప్పే చప్పుడు, మధ్యలో "ఓహో" అన్న ఆయన గొంతు వింటూ మేం నిద్రపోయేవాళ్ళం. కొన్నాళ్ళకి పొడుగాటి లెక్కల పుస్తకం ఒకటి తెచ్చి, అందులో తిండికి సంబంధించిన ఇంగ్లీషు మాటలు రాయడం మొదలుపెట్టారు. తిండి మాటలే ఎందుకని అడిగితే, "రోజూ నోట్లో మెలిగేవి కదమ్మా, అవే ఎక్కువ అరుగుతాయి" అన్నారు. ఒక్కో మాట రాసి, కింద రెండు గీతలు ఖాళీగా వదిలేవారు. కాగితం దండగని అమ్మ గోల. "దాని పని ఇంకా అయిపోలేదే" అనేవారు నాన్న.

*

ఆ పుస్తకంలో మొదటి మాట మీట్. దానికి కారణం నేనే.

మా వెనక వీధిలో పాస్టరుగారి ఇల్లు. వాళ్ళమ్మాయీ నేనూ ఒకటే క్లాసు. క్రిస్మస్‌కి వాళ్ళింటి కేకు మా ఇంటికి వచ్చేది, సంక్రాంతికి మా అరిసెలు వాళ్ళింటికి వెళ్ళేవి. పాస్టరుగారి దగ్గర 1611 నాటి అనువాదపు ఇంగ్లీషు బైబిలు ఉండేది, నల్ల తోలు అట్ట, అంచులు చిరిగింది. ఓ ఆదివారం మేమిద్దరం అది తెరిచి, చదవడం వచ్చిందని గట్టిగా చదువుతున్నాం. మొదటి అధ్యాయంలోనే దేవుడు మనిషికి విత్తనాలిచ్చే మొక్కల్నీ, పండ్ల చెట్లనీ ఇచ్చి, ఇవే మీకు మీట్ అంటాడు. మాకు అర్థం కాలేదు. ఆకులూ పండ్లూ మాంసం ఎలా అవుతాయి? తెలుగు బైబిలు తీసి చూస్తే అక్కడ శుభ్రంగా ‘ఆహారం’ అని ఉంది.

నేను పరుగెత్తుకుంటూ వచ్చి నాన్ననడిగాను. ఆయనా ఆగిపోయారు. నిఘంటువు తీశారు. మీట్ అంటే మొదట్లో తిండి, ఏ తిండైనా. తాగేదానికి డ్రింక్, తినేదానికి మీట్. తర్వాత తర్వాత ఒక్క మాంసానికే కుదించుకుపోయింది. మిఠాయిని స్వీట్‌మీట్ అనడంలో ఆ పాత అర్థమే మిగిలి ఉంది. నాన్న ముఖం నాకిప్పటికీ కళ్ళకి కడుతుంది. ఇరవై ఏళ్ళు ఇంగ్లీషు పాఠం చెప్పిన మనిషి, ఆ రోజే ఇంగ్లీషు నేర్చుకోవడం మొదలుపెట్టినట్టు కూర్చున్నారు.

చాలా ఏళ్ళ తర్వాత బ్యాంకులో ఉద్యోగం వచ్చి వరంగల్ వెళ్ళాను. హన్మకొండలో ఓ ఇంట్లో గది అద్దెకి తీసుకున్నాను. వచ్చిన మొదటి ఆదివారం ఇంటావిడ పిలిచి, "బిడ్డా, ఇయ్యాల కూరొండిన, ఈడనే తినిపో" అంది. నేను ఏ బెండకాయో దొండకాయో అనుకున్నాను. తీరా చూస్తే వేటమాంసం, గసగసాలు నూరి పోసి వండింది. వాళ్ళకి పండగపూటో ఆదివారమో ‘కూర’ అన్నారంటే మాంసమనే. మా కృష్ణా జిల్లాలో కూర అంటే కూరగాయే ముందు గుర్తొస్తుంది. ఆ రాత్రే నాన్నకి ఉత్తరం రాశాను. ఇంగ్లీషు మీట్‌కి జరిగిందే ఇక్కడ మన కూరకీ జరిగింది నాన్నా అని.

జవాబు రాలేదు. నాన్న ఉత్తరాలు రాయడంలో బద్ధకస్తులు. దసరా సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు ఆ పుస్తకం తెరిచి చూశాను. మొదటి పేజీలో మీట్ కింద, ఖాళీగా వదిలిన గీత మీద, వేరే రంగు సిరాతో: ‘తెలంగాణలో కూర కూడా ఇంతే — అమ్మాయి ఉత్తరం.’

*

తమ్ముడు తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు చరిత్ర పాఠానికి చార్టు వేయమన్నారు. ఇంగ్లండు కార్న్ లాస్ మీద. 1815లో పెట్టి 1846లో ఎత్తేసిన చట్టాలు. బయటి దేశపు ధాన్యం చౌకగా దిగకుండా అడ్డుపెట్టి, తమ భూస్వాముల గింజలకి ధర నిలబెట్టడానికి చేసినవి. వాడు అట్ట మధ్యలో బ్రహ్మాండమైన మొక్కజొన్న కంకి వేశాడు, పీచు కూడా ఎర్రగా దువ్వి. బొమ్మ చాలా బాగుంది. నాన్న అది చూసి తప్పనలేదు. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అమ్మని పిలిచి, గుప్పెడు మిరియాలు తెమ్మన్నారు.

"దీన్ని ఇంగ్లీషులో పెప్పర్‌కార్న్ అంటారు. ఇందులో మొక్కజొన్న ఎక్కడుందిరా? కార్న్ అంటే గింజ, అంతే. ఏ సీమలో ఏ పంట ఎక్కువైతే అదే అక్కడ కార్న్. ఇంగ్లండులో గోధుమ, స్కాట్లండులో ఓట్లు. అమెరికా వెళ్ళినవాళ్ళకి అక్కడివాళ్ళు పండించే కొత్త గింజ కనబడితే ఇండియన్ కార్న్ అన్నారు. కొన్నాళ్ళకి ఇండియన్ రాలిపోయింది, కార్న్ మిగిలింది." పాస్టరుగారి బైబిల్లో శిష్యులు చేలో కార్న్ వెన్నులు తుంచుకుని తిన్నారని ఉంటే, ఆ రోజుల్లో ఆ దేశంలో మొక్కజొన్న లేనేలేదని, కొలంబస్ ఓడలు వెళ్ళొచ్చాకే అది ఇటు ఖండాలకి వచ్చిందని చెప్పారు. మనం మాత్రం ఏం చేశాం? కొత్త గింజ వస్తే పాత జొన్న పేరే పెట్టుకుని మొక్కజొన్న అన్నాం.

ఆ మాటల్లోనే ఐర్లండు కరువు వచ్చింది. 1845లో తెగులు తగిలి బంగాళాదుంప పంట కుళ్ళిపోతే, ఇంగ్లండు ప్రభుత్వం అమెరికా నుంచి మొక్కజొన్న తెప్పించి ఐర్లండులో అమ్మించింది. ఆ జనానికి అది వండుకోవడం కూడా కొత్త. లక్షలమంది పోయారు. స్టార్వ్ అన్న మాటకి తొలి అర్థం చచ్చిపోవడమేనని నాన్న అప్పుడే చెప్పారు, ఏ రకంగా పోయినా సరే. అది పోనుపోను ఆకలిచావుకి, తర్వాత వట్టి ఆకలికి దిగింది. "ఇప్పుడు మధ్యాహ్నం ఒంటిగంటకి భోజనం ఆలస్యమైతే స్టార్వింగ్ అంటున్నారు" అన్నారు. పీటమీద కూర్చున్న నానమ్మ అంతా విని, తెలుగులో తనకి అర్థమైన ముక్కకి జవాబు చెప్పింది: "గంజి కేంద్రాల దగ్గర నిలబడ్డవాళ్ళు ఆ మాట తేలిగ్గా అనరులే నాయనా." ఆమె చిన్నప్పుడు చూసిన కరువు గురించి అంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు. మేము అడగా లేదు. అడగాల్సింది.

*

నానమ్మ శనివారం ఒంటిపూట ఉండేది. రాత్రి అన్నం ముట్టదు, ఫలహారమే. ఫలహారమంటే పండ్లు కావాలి. కానీ ఆమె తినేది ఉప్పుడు పిండో, రెండు అట్లో. అన్నం కానిదేదైనా ఫలహారమే. ఈ సంగతి గమనించాక నాన్నకి టిఫిన్ మీద కోపం పోయింది. నిఘంటువులో చూస్తే, టిఫ్ అంటే ఓ గుక్క తాగడమట, ఆ మాటలోంచి పుట్టి ఉంటుందట. మన దేశంలో ఉన్న తెల్లవాళ్ళు దాన్ని మధ్యాహ్నపు చిరుతిండి చేశారు. మనవాళ్ళు ఇడ్లీ దోసె చేశారు. బొంబాయిలో అది క్యారేజీ డబ్బా అయింది. అమ్మ ఇప్పుడు "టిఫిన్" అంటే నాన్న "తెండి" అనేవారు. అమ్మ గెలిచానని ఎప్పుడూ అనలేదు. నాన్న పళ్ళెంలో ఓ ఇడ్లీ ఎక్కువ వేసేది.

మీల్ సంగతి తేలిన రోజు నాన్న బస్టాండు దాకా నడిచి వెళ్ళారు, నన్ను వెంటబెట్టుకుని. మీల్ అంటే మొదట తిండి కాదట, సమయం, నియమించిన వేళ. ఆ వేళకి తినేది కాబట్టి తిండికి ఆ పేరు వచ్చింది. "మనమూ పూట అంటే అదే కదూ! పూట గడవడం లేదు అంటే గడియారం ఆగిందనా? అన్నం లేదని." ఈ మాట హోటలాయనకి చెబుదామని వెళ్ళారు. గల్లా దగ్గర ఆయన కొడుకు కూర్చుని ఉన్నాడు. తండ్రి పోయి పదిహేను రోజులైందట. నాన్న ఏమీ అనకుండా భోజనం చేశారు. బయటికొచ్చాక కాసేపు ఆ పలక కేసి చూస్తూ నిలబడ్డారు. ముగ్గు లేదు, రాత ఒక్కటే ఉంది.

ఇంకా ఎన్నో రాశారు ఆ పుస్తకంలో. లార్డ్ అంటే పాత ఇంగ్లీషులో రొట్టెని కాపాడేవాడు, లేడీ అంటే రొట్టెపిండి పిసికేది. ఇది చదివినప్పుడు అమ్మ పూరీలకి పిండి కలుపుతోంది. నాన్న ఆ రోజంతా అమ్మని లేడీగారూ అనే పిలిచారు. మెస్ అంటే గందరగోళం కాదు, బల్ల మీదికి పంపిన ఒక వడ్డన. కలిసి తినేవాళ్ళ గుంపుకి ఆ పేరు వచ్చింది, కలగలుపు తిండికీ వచ్చింది, ఆఖరికి చిందరవందరకి అంటుకుంది. బందరులో చదువుకునేటప్పుడు తాను నాలుగేళ్ళు తిన్న మెస్‌కి సరైన అర్థమే ఉందని నాన్నకి భలే సంతోషం. బిస్కట్ అంటే రెండుసార్లు కాల్చినది. ఇక్కడ ఒహాయోలో పొద్దున్నే బిస్కట్ అంటే మెత్తటి బన్ను లాంటిది ఇస్తారు, పైన తెల్లటి గ్రేవీ పోసి. అది ఒక్కసారే కాల్చినది. నాన్న ఉంటే ఆ ముక్క విరిచి చూసి మరీ రాసుకునేవారు.

నూనె గురించి రాసిన పేజీ నాకు చాలా ఇష్టం. ఇంగ్లీషు ఆయిల్ ఆలివ్ లోంచి వచ్చింది, ఆ దేశాల్లో నూనె అంటే ఆలివ్ పండు నూనే. మన నూనె నువ్వుల్లోంచి వచ్చింది, నూ అంటే నువ్వు, దాని నెయ్యి నూనె. సంస్కృతంలో తైలమూ అంతే, తిలల్లోంచి. మూడు భాషలూ ఒకే దారిన నడిచాయి. ఒక గింజ పేరో పండు పేరో మొదలై, వేరుశనగకీ కొబ్బరికీ ఆఖరికి కిరసనాయిలుకీ చేరింది. ఆ పేజీ అంచున పసుపు మరక ఒకటుంది, ఎవరి వేలిదో.

*

మ్యాంగో ఆ పుస్తకంలోకి ఎక్కింది ఆవకాయ రోజున.

మా ఇంట్లో ఆవకాయంటే యజ్ఞం. కాయలు తోటలోంచి తెల్లవారకుండానే రావాలి. కింద పడ్డది ఒక్కటీ పనికిరాదు. తొట్టిలో నీళ్ళు పోసి కడిగి, పాత పంచె ముక్కలతో తడి లేకుండా తుడవడం పిల్లల పని. పెద్ద కత్తి పట్టుకుని నాన్న కొట్టేవారు, టెంకతో సహా. ఆ టక్‌మన్న చప్పుడు వీధి చివరికి వినిపించేది. ఏ ఇంట్లో ఇవాళ ఆవకాయో ఆ చప్పుడే చెప్పేది. ముక్కలోంచి జీడి తీసి, లోపలి పొర గోరుతో ఒలిచి నానమ్మకి అందిస్తే, ఆమె ప్రతి ముక్కనీ ఒకసారి తిప్పి చూసి చాట మీద వేసేది. టెంక అంటుకోని ముక్క పక్కకి పోయేది. అమ్మ ఆవపిండి, కారం, ఉప్పు కలిపి, పప్పునూనెలో ముంచిన ముక్కని ఆ పిండిలో దొర్లించి జాడీలో వేసేది. అప్పుడెవరూ గట్టిగా మాట్లాడకూడదు. ఎందుకో తెలీదు, నానమ్మ ఆజ్ఞ. ఆఖరున జాడీ గట్టున అంటుకున్న పిండిని వేడన్నంతో తుడిచి, ముద్దలు చేసి మాకు పెట్టేవారు.

ఆ ముద్దలు తింటుండగా నాన్న చెప్పారు. మ్యాంగో ఇంగ్లీషు మాట కాదు. మలయాళం మాంగ. పోర్చుగీసువాళ్ళ నోట పడి ఇంగ్లండు చేరింది. మాట చేరింది గానీ పండు చేరలేదు. నెలల తరబడి ఓడ ప్రయాణం, ఆఫ్రికా చుట్టూ తిరిగి పోవాలి. ఏ పండు ఆగుతుంది? ఊరగాయగా మారి వెళ్ళింది. అక్కడివాళ్ళు మొదట చూసిన మామిడి, జాడీలోని పుల్లటి కారపు ముక్కే. దాని రుచి మరిగారు. కాయలు దొరక్క, దోసకాయనీ కర్బూజానీ లోపల తొలిచి ఆవాలూ వెల్లుల్లీ కూరి వెనిగర్లో ఊరబెట్టి దానికీ మ్యాంగో అని పేరు పెట్టారు. ఊరవేయడాన్నే మ్యాంగో చేయడం అన్నారు.

"అయితే వాళ్ళకి మ్యాంగో అంటే ఊరగాయన్నమాట" అన్నాడు తమ్ముడు.

"మరి కాదేంటి" అంది అమ్మ, జాడీ మూతికి గుడ్డ కడుతూ. "కాయ పుట్టిందే దానికి."

నాన్న చేతులు కడుక్కోకుండానే లోపలికెళ్ళి రాసుకున్నారు.

*

నాలుగు రోజుల తర్వాత పక్కింటి పెద్దావిడకి చిన్న సీసాలో మా ఆవకాయ తీసుకెళ్ళాను. తమ్ముడు పంపించినది. కారం ఎక్కువని చెప్పి, మెతుకులో చిటికెడు కలిపి చూపించాను. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అయినా రెండోసారి తీసుకుంది. ఇది దేనితో చేశారంది. మ్యాంగో అన్నాను. ఆవిడ సీసా ఎత్తి వెలుగుకి పెట్టి, క్యాప్సికం ముక్కల కోసం వెతికింది.

అప్పుడు కూర్చుని కథంతా చెప్పాను, నాకొచ్చిన ఇంగ్లీషులో. ఇంగ్లండు నుంచి ఈ దేశం వచ్చినవాళ్ళు ఆ ఊరగాయ పేరు కూడా వెంట తెచ్చుకున్నారు. ఇక్కడ లోపల తొలిచి కూరడానికి చక్కగా కుదిరింది ఈ పచ్చటి మిరప. క్యాబేజీ తురుము కూరి ఊరబెట్టి దాన్ని మ్యాంగో అన్నారు. ఊరబెట్టడం మానేశాక కూడా కాయకి ఆ పేరు ఉండిపోయింది, ఒహాయోలో, ఇండియానాలో, పెన్సిల్వేనియాలో. ఇక పిల్లలు అంటున్న పెప్పర్ ఉందే, అదీ మా దగ్గర్నుంచి వచ్చిందే. మా పిప్పలి. గ్రీకువాళ్ళ నోటా రోమువాళ్ళ నోటా పడి, మిరియానికి పేరై, కొలంబస్ మిరియాల కోసం వచ్చి మిరపకాయ చూసి దాన్నీ అదే అన్నాక, ఈ కాయకి వచ్చి చేరింది. మేమూ మిరియాన్ని చూసే మిరప అన్నాం.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి వంటింటి అలమారలోంచి ఓ రేకు పెట్టె తీసింది. వాళ్ళమ్మ చేతిరాత వంట కార్డులు. అంచులు నూనె మరకలు పడి గోధుమరంగుకి తిరిగాయి. అందులో ఒకదాని మీద, వంపులు తిరిగిన అక్షరాల్లో, మ్యాంగో అని ఉంది. నేను ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూశాను. నాన్న రాత కూడా అలాగే కుడివైపుకి ఒరుగుతుంది.

వెళ్ళొస్తానంటే, ఆదివారం డిన్నర్‌కి మీరంతా రావాలి అంది, ఒంటిగంటకల్లా. మధ్యాహ్నం పూట డిన్నరేమిటని అమ్మాయి తర్వాత ఆశ్చర్యపోయింది. నేను ఆశ్చర్యపోలేదు. ఆ మాట నాన్న పుస్తకంలో మూడో పేజీలోనో నాలుగో పేజీలోనో ఉంది. డిన్నర్ అన్నా బ్రేక్‌ఫాస్ట్ అన్నా పుట్టుకలో ఒకటే, ఉపవాసం విడవడం. రోజులో పెద్ద భోజనం ఎటు జరిగితే డిన్నర్ అటు జరిగింది.

ఇంటికొచ్చి తమ్ముడికి ఫోన్ చేశాను. అక్కడ తెల్లవారుతోంది, వెనక కోడి కూస్తోంది. నాన్న బీరువాలో పై అరలో పుస్తకం ఉంటుంది, మ్యాంగో పేజీ ఫొటో తీసి పంపమన్నాను. పావుగంటలో వాట్సాప్‌లో వచ్చింది. నాన్న రాతే. ‘మలయాళం మాంగ. పోర్చుగీసు ద్వారా. ఇంగ్లండులో ఒకప్పుడు ఊరగాయ అని కూడా.’ ఆ చివరి మాట ముందు నాన్న స్వయంగా గీసిన చిన్న బాకు గుర్తు. పక్కన ఎర్రటి నూనె మచ్చ, ఆవకాయ రోజుది. కింద రెండు గీతలు ఖాళీ.

మళ్ళీ ఫోన్ చేశాను.

"పెన్ను ఉందిరా దగ్గర?"

"ఉందక్కా. ఏం రాయమంటావ్?"

"ఆ బాకు గుర్తు కొట్టెయ్యకు, అలాగే ఉండనీ. కింది గీత మీద రాయి. ఒహాయోలో క్యాప్సికం. పక్కింటావిడ వాళ్ళమ్మ రాత."

"రెండో గీతో?"

"అది వదిలెయ్."